ఎద్దుకు వేసిన సూది

(సెప్టెంబరు మొదటి శనివారం, అంతర్జాతీయ రాబందుల అవగాహన దినం నాడు, కాగజ్‌నగర్‌లో ఊళ్లలో పశువులకు ప్రాథమిక వైద్యం చేసే గోపాలమిత్రలు, డిగ్రీ విద్యార్థులు, రైతుల ముందు ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? సరే.

ఈ రోజు రాబందుల గురించి మాట్లాడాలని పొద్దున ఇంట్లో చెబితే మా ఆవిడ "శనివారం పూట ఆ పేరు ఎత్తకండి" అంది. ఆమె తప్పేం లేదు. మన పెద్దవాళ్లు రాబందు ఇంటి మీద వాలితే ఇల్లు పాడుపెట్టాలనేవాళ్లు. పేపరు తిప్పితే 'భూ రాబందులు', 'వడ్డీ రాబందులు'. నా సర్వీసంతా అడవి పక్క మండలాల్లోనే గడిచింది. ఏ రాబందూ ఎవరి భూమీ రాయించుకోగా నేను చూడలేదు. (నవ్వులు)

నిజంగా రాబందు ఏం చేస్తుందో ఇక్కడ యాభై దాటిన వాళ్లకు చెప్పక్కర్లేదు. పిల్లలకు చెప్పాలి, ఎందుకంటే వాళ్లు చూడలేదు. మా ఊళ్లో చెరువు కట్ట కింద ఒక బయలు ఉండేది. గొడ్డు చస్తే అక్కడికి ఈడ్చేవాళ్లు. తోలు ఒలుచుకునే వాళ్లు ఒలుచుకుని వెళ్లిపోయేవాళ్లు. అప్పటిదాకా ఆకాశంలో ఏమీ ఉండదు. మేం పిల్లలం కట్ట మీద కూర్చుని చూసేవాళ్లం. ముందు ఒక చుక్క. అది తిరుగుతూ తిరుగుతూ కిందికి దిగుతుంది. అది దిగడం ఎక్కడో మైళ్ల దూరంలో ఉన్న ఇంకో రాబందు చూస్తుంది. దాన్ని చూసి మరొకటి. కాసేపటికి యాభై అరవై. వాలాక చూడాలి ఆ గొడవ! రెక్కలు విదిలించడం, బుస కొట్టడం, ఒకదాని వీపు మీద ఇంకొకటి ఎక్కడం. అరగంట, ముప్పావు గంట, అంతే. ఎద్దు ఉన్న చోట ఎముకల గూడు. వాసన లేదు, ఈగ లేదు.

మన రాబందులు వాసన పట్టి రావు, చూసి వస్తాయి. రామాయణంలో సంపాతి కథ గుర్తుందా? కోతులన్నీ సముద్రం ఒడ్డున దిక్కుతోచక కూర్చుంటే, ఆ ముసలి పక్షి ఉన్నచోటి నుంచే లంకలో సీతను చూసి చెప్పింది. చెప్పిన వాళ్లెవరో గాని రాబందును బాగా గమనించిన వాళ్లే. దాని తమ్ముడు జటాయువు గురించి మీకు తెలుసు. నాకు ఆ కథలో ఎప్పుడూ గుర్తుండేది యుద్ధం కాదు, ఆ తర్వాతి ఘట్టం. ఊళ్లో ప్రతి గొడ్డుకూ ఆఖరి పని చేసిపెట్టే జాతి పక్షికి రాముడు స్వయంగా దహన సంస్కారం చేశాడు.

సికింద్రాబాద్‌లో పార్సీగుట్ట అని ఉంది, ఆటోవాళ్లు రోజూ అరుస్తుంటారు. పార్సీల దఖ్మా, అంటే శవాలను పక్షుల కోసం ఉంచే కట్టడం, ఉన్న గుట్ట కాబట్టి ఆ పేరు. శవాన్ని పక్షులకు అప్పగించడం వాళ్ల ఆచారం. పక్షులే లేకపోతే ఆ ఆచారం ఏమవుతుంది? ముంబయిలో అద్దాలు పెట్టి ఎండను శవాల మీదికి మళ్లించుకోవాల్సి వచ్చింది. ఒక మతం చేసుకునే కర్మకాండే మారిపోయింది.

ఇక అసలు విషయం. ఇక్కడ గోపాలమిత్రలు చాలామంది ఉన్నారు, నా వృత్తి వాళ్లు. మీతోనే ఎక్కువ మాట్లాడతాను, మిగతా వాళ్లు వినండి.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల అడవి ఉంది, కేవలదేవ్ జాతీయ ఉద్యానవనం. అక్కడ బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ గారు రాబందుల గూళ్లు లెక్కపెట్టేవారు. వీపు తెల్లగా ఉండే జాతి, మనం ఊళ్లలో ఎక్కువగా చూసింది అదే. 1987-88లో 353 జతలు ఉన్నాయి. 1996-97కు వచ్చేసరికి దాదాపు 150. ఇంకో మూడు నాలుగేళ్లకు ఒక్క జత లేదు. చెట్ల మీద తలలు కిందికి వేలాడేసి కూర్చున్న పక్షులు, వాటి కిందే చచ్చి పడిన పక్షులు. దేశమంతా లెక్క తీస్తే, 1992 నుంచి 2007 లోపల ఆ జాతిలో వెయ్యికి ఒక్కటి మిగిలింది. నేను తప్పు చెప్పడం లేదు, నూటికి కాదు, వెయ్యికి. పొడుగు ముక్కు రాబందు, సన్నముక్కు రాబందు, ఈ రెండూ కలిపి నూటికి దాదాపు తొంభై ఏడు పోయాయి. ఒకప్పుడు ప్రపంచంలో అంత పెద్ద వేటపక్షుల్లో ఇంత ఎక్కువగా ఉన్నది మరొకటి లేదన్నారు తెల్ల వీపు రాబందును. కోట్లలో ఉండేవని అంచనా.

ఏదో వైరస్ అనుకున్నారు. పురుగుమందులనుకున్నారు. అలా కొన్నేళ్లు పోయాయి. పాకిస్తాన్ పంజాబ్‌లో లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువైద్యుడు, గమనించండి, పక్షిశాస్త్రవేత్త కాదు, మన వృత్తివాడే, చచ్చిన రాబందుల్ని కోసి చూశాడు. లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. యూరిక్ ఆసిడ్. కిడ్నీలు పోయాయన్నమాట. వైరస్ లేదు, సీసం లేదు, పురుగుమందు లేదు. అప్పుడు ఆయన బృందం ఒక మామూలు ప్రశ్న వేసుకుంది. ఇవి తినేది గొడ్లను. గొడ్లకు మనం ఏం ఇస్తున్నాం? మందుల షాపులవాళ్లను, పశువైద్యులను అడిగారు. కిడ్నీలు దెబ్బతీసే మందుల్లో ఏది ఎక్కువ అమ్ముడవుతోంది? డైక్లోఫెనాక్, నొప్పులకు, వాపులకు వేసే మందు. పరీక్ష చేస్తే, కిడ్నీలు పోయి చచ్చిన 25 పక్షుల్లో 25లోనూ ఆ మందు దొరికింది. వేరే కారణంతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదాంట్లోనూ లేదు. 2004లో ఇది నేచర్ పత్రికలో వచ్చింది.

ఆ వార్త నేను ఎక్కడ చదివానో ఇప్పటికీ గుర్తుంది. డిస్పెన్సరీలో, బల్ల మీద టీ. బీరువాలో అదే మందు, డబ్బాలు డబ్బాలు.

మన వాళ్లకు చెప్పక్కర్లేదు, తొంభైల్లో అది వచ్చినప్పుడు మాకు దేవుడిచ్చిన మందులా ఉండేది. పేటెంటు తీరిపోయింది, ప్రతి కంపెనీ తయారు చేసింది, చవక. జ్వరానికి అదే, కీళ్ల వాపుకు అదే, పొదుగు వాపుకు అదే, ఈనిన తర్వాత లేవని బర్రెకు అదే. సూది వేసిన గంటకు ఎద్దు లేచి మేతకు పోతుంటే రైతు మొహం చూడాలి.

ఒక అవ్వ ఉండేది, పేరు చెప్పను. ఒంటరి ఎద్దు. ఒకరోజు మనవణ్ని పంపించింది. పోయేసరికి ఎద్దు పక్కకు పడిపోయి ఉంది, కళ్లు లోపలికి పోయాయి. బతకదని నాకు తెలుసు. అవ్వకూ తెలుసు. "సారూ, లేవకుంటె లేవకపాయె. గని గిట్ల మూల్గుతుంటె సూడలేకపోతున్న. నొప్పి తెల్వకుంట ఏదన్న సూది ఎయ్యి" అంది. వేశాను. పదిహేను మిల్లీలీటర్లు. తెల్లారేసరికి పోయింది. ఊరి బయట పడేశారు.

ఇందులో తప్పెవరిది? అవ్వదా? నాదా? ఆ రోజుకు ఎవరికీ ఏమీ తెలియదు. నేను వేసిన సూది ఏ రాబందుకు తగిలిందో నాకు ఎప్పటికీ తెలియదు. కానీ లెక్క ఇలా ఉంటుంది, ఇది మీరు బాగా వినాలి. ఆ మందు పశువు ఒంట్లో కొద్ది రోజులే ఉంటుంది. పశువు బతికితే బయటికి పోతుంది, ఏ ఇబ్బందీ లేదు. సూది వేసిన రెండు మూడు రోజుల్లో చస్తేనే ప్రమాదం. మరి మనం నొప్పుల సూది తప్పకుండా వేసేది దేనికి? ఇక లేవదు అనుకున్నదానికే కదా. జాలిపడి వేసేది దానికే. అంటే మందు సరిగ్గా రాబందు కంచంలోకి వెళ్లే పశువులోకే వెళ్లింది.

ఒక్క గొడ్డు మీద యాభై వాలతాయని ఇందాక చెప్పాను. అందుకని దేశంలో ప్రతి కళేబరంలోనూ ఆ మందు ఉండనక్కర్లేదు. నూటికి ఒక్క కళేబరంలో కూడా అక్కర్లేదు, అంతకన్నా తక్కువ ఉన్నా చాలు, ఇంత పతనానికి సరిపోతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పోయినవి మళ్లీ పుడతాయిలే అనుకోవడానికి అవి కోళ్లు కాదు. జత కట్టడానికే నాలుగైదేళ్లు. ఏడాదికి ఒక్క గుడ్డు. ఆ గుడ్డు పొదగడానికి యాభై రోజుల పైన, పిల్ల ఎగరడానికి ఇంకో నాలుగు నెలల దాకా. ఒక జత చస్తే పూడాలంటే చాలా ఏళ్లు పడుతుంది.

సరే, పక్షులు పోతే మనకేంటి అని వెనక ఒకాయన మొహంలో కనపడుతోంది. (నవ్వులు) అడగాల్సిన ప్రశ్నే. గొడ్డు చస్తూనే ఉంది, తినేవి లేవు. కుక్కలు తిన్నాయి. కుక్కలు పెరిగాయి. రాబందు కడుపులో ఆసిడ్ ఎంత ఘాటంటే దొమ్మరోగం (ఆంత్రాక్స్) క్రిములు కూడా చాలావరకు చస్తాయి. కుక్క కడుపులో చావవు. పైగా కుక్క కరుస్తుంది. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. రాబందులు ఎక్కువగా ఉండి పోయిన జిల్లాలను, మొదటి నుంచీ అంతగా లేని జిల్లాలను పోల్చారు. 2000 నుంచి 2005 దాకా రాబందులు లేకపోవడం వల్ల మన దేశంలో అదనంగా 5 లక్షల మంది చనిపోయారని తేల్చారు. లెక్క మీద వాదన పెట్టుకోవచ్చు, ఆర్థికవేత్తల లెక్క కదా. సగానికి సగం కొట్టేసినా ఎంత మంది?

2006లో మన ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించింది. కథ అక్కడ అయిపోయిందా? కాలేదు. ఇక్కడ మన వాళ్ల తెలివి చెప్పాలి. పశువుల సీసా పోయింది, మనుషుల సీసా ఉంది. అదే మందు, 30 మిల్లీలీటర్ల పెద్ద సీసా. మనిషికి 3 మిల్లీలీటర్లు చాలు. మరి 30 సీసా ఎవరి కోసం? అందరికీ తెలుసు ఎవరి కోసమో. 2015లో మనుషుల ఇంజెక్షన్ కూడా ఒక్క డోసు, 3 మిల్లీలీటర్ల సీసాలోనే అమ్మాలన్నారు. ఎద్దుకు వేయాలంటే ఐదు సీసాలు పగలగొట్టాలి. అది కొంచెం పనిచేసింది. బద్ధకం కొన్నిసార్లు చట్టం కంటే బాగా పనిచేస్తుంది.

తర్వాత కీటోప్రొఫెన్ అనే ఇంకో నొప్పుల మందు వచ్చింది. అదీ చంపుతుందని తేలింది. అసెక్లోఫెనాక్. దీని సంగతి వింటే నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది. ఆవు ఒంట్లోకి వెళ్లాక అది డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. ముసుగు వేసుకుని వచ్చిన పాత దొంగ. ఈ రెండింటినీ పశువులకు 2023లో నిషేధించారు. నిమెసులైడ్‌ను 2024 డిసెంబరు ఆఖరులో. ఒక్కొక్కటి పట్టుకోవడానికి మనకు పదేళ్లు, పదిహేనేళ్లు. దుకాణంలోకి కొత్త మందు రావడానికి ఆర్నెల్లు చాలు. రాబందు మీద పరీక్షించకుండా పశువుల నొప్పుల మందుకు అనుమతి ఇవ్వకూడదని నా వాదన. ఎప్పటి నుంచో చెబుతున్నాను, ఎవరూ వినరు. మనమే కాదు, అన్నీ తెలిసిన తర్వాత 2013లో స్పెయిన్ పశువులకు డైక్లోఫెనాక్ అనుమతించింది. 2020లో అక్కడ ఒక నల్ల రాబందు దానితోనే చచ్చింది.

మరి ఏం వాడాలి? మెలోక్సికామ్ ఉంది. టోల్ఫెనామిక్ ఆసిడ్ ఉంది. రెండూ రాబందుకు ఏమీ చేయవని పరీక్షించి తేల్చారు. మెలోక్సికామ్ మొదట్లో ఖరీదు, ఇప్పుడు అందరూ తయారు చేస్తున్నారు. కొందరు గోపాలమిత్రలు నాతో అన్నారు, "సార్, దీనితో ఎద్దు అంత తొందరగా లేవదు" అని. నేనూ వాడాను. లేస్తుంది. రైతు మన సూది వైపు కాదు, మన మొహం వైపు చూస్తాడు. మనం ధైర్యంగా ఉంటే వాడూ ఆగుతాడు.

మందు ఒక్కటే శత్రువని చెప్పి వెళ్లిపోతే నేను అబద్ధం చెప్పినట్టే. ఇక్కడి వాళ్లకు ఇంకొకటి చెప్పాలి, కొంచెం ఇబ్బందిగా ఉన్నా. 2024 జనవరిలో మన కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయాయి. విషప్రయోగమని అటవీ అధికారులు చెప్పారు. పులి ఆవును చంపితే రైతు కడుపు మండుతుంది. నాకు అర్థమవుతుంది. కానీ కళేబరం మీద పురుగుమందు చల్లితే అది పులి కోసం ఆగదు. పక్షి ముందు వాలుతుంది. ఆఫ్రికాలో బోట్స్వానాలో 2019లో ఏనుగుల్ని వేటాడినవాళ్లు వాటి కళేబరాలకు విషం పెట్టారు. ఒకే చోట 537 రాబందులు చచ్చాయి. అక్కడ కావాలనే పెట్టారు. రాబందులు పైన తిరిగితే అటవీ సిబ్బందికి జాడ తెలుస్తుందని. ఇక్కడ మనవాళ్లు కావాలని చేయరు, కానీ పక్షికి ఆ తేడా తెలియదు. అందుకే నా దృష్టిలో, చచ్చిన ఆవుకు నష్టపరిహారం వారంలో చేతికి అందించడం రాబందుల సంరక్షణ కార్యక్రమమే. ఆ ఫైలు కట్టేవాళ్లకు అది తెలియదు.

కరెంటు తీగలు ఉన్నాయి, పెద్ద చెట్లు కొట్టేయడం ఉంది, గుజరాత్‌లో సంక్రాంతికి గాలిపటాల మాంజా ఉంది. వాటిలోకి వెళ్లను, టైము లేదు.

మన పాలరాపు గుట్ట గురించి చెప్పాలి కదా. బెజ్జూరు అడవిలో, పెద్దవాగు పక్కన, నిట్టనిలువుగా ఉండే రాతి గోడ. 2013లో అక్కడ పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకుని ఉన్నట్టు బయటపడింది. అప్పటికి మన దగ్గర రాబందు అయిపోయిందనే అందరం అనుకున్నాం. ఈ జాతి చెట్ల మీద కాదు, కొండ చరియల్లో గూడు పెడుతుంది. అటవీ శాఖ వాళ్లు కాపలా పెట్టారు, మందుల్లేని పశువుల కళేబరాలు తెచ్చి వేశారు. ప్రాణహిత అవతల గడ్చిరోలిలోనూ అలాగే వేశారు. నేపాల్‌లో దీనికి పేరే 'జటాయు రెస్టారెంటు'. పితౌలి అనే ఊళ్లో 2006లో మొదలైంది. ముసలి ఆవుల్ని ఊరివాళ్లు కొని, చచ్చేదాకా మేపి, నొప్పుల మందు ఏదీ వేయకుండా చూసి, తర్వాత రాబందులకు వేస్తారు. మొదట విన్నప్పుడు ఇదేం వ్యాపారం అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆ ఆవుకూ అది మంచి వృద్ధాప్యమే.

కానీ గుట్ట చుట్టూ కంచె కడితే రాబందు ఆగదు. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే పక్షి అది. అందుకే సురక్షిత ప్రాంతం అంటే గూడు చుట్టూ వంద కిలోమీటర్లు అంటారు. పాలరాపు గుట్ట నుంచి వంద కిలోమీటర్లు గీత గీయండి. ఆసిఫాబాద్ వస్తుంది, మంచిర్యాల వస్తుంది, అవతల సిరొంచా, చంద్రాపూర్ వస్తాయి. చంద్రాపూర్‌లో ఒక మందుల షాపువాడు తప్పుడు సీసా అమ్మితే మన గుట్ట ఖాళీ అవుతుంది. అటు వాళ్లకు కూడా ఇదే భయం ఉండాలి మన గురించి.

పింజోర్, హర్యానాలో, రాబందులను పెంచే కేంద్రం ఉంది. ఏడాదికి ఒక్క గుడ్డు అన్నాను కదా, అక్కడ మొదటి గుడ్డును తీసి యంత్రంలో పొదిగిస్తారు, జత ఇంకో గుడ్డు పెడుతుంది. అలా పెంచిన పక్షుల్ని వదలడం మొదలుపెట్టారు. మహారాష్ట్రలో తాడోబా పులుల అడవి, మన పక్కనే, అక్కడా వదిలారు. వాటిలో ఒకటి 2024లో ఎగురుకుంటూ తమిళనాడు దాకా వెళ్లింది. కొన్ని చచ్చిపోయాయి కూడా, అది దాచనక్కర్లేదు. ఆ వెళ్లిన పక్షి దారిలో ఎన్ని జిల్లాల గొడ్లను తిని ఉంటుంది! ఎన్ని డిస్పెన్సరీల బీరువాల మీదుగా ఎగిరి ఉంటుంది!

ఒక మాట అడిగి ముగిస్తాను, చెప్పండి. మీ బ్యాగుల్లో ఇప్పుడు ఏ నొప్పుల సూది ఉంది? చేతులెత్తనక్కర్లేదు. (నవ్వులు) కొన్ని సీసాల మీద పైన ఒక పేరు ఉంటుంది, లోపల రెండు మూడు మందులు కలిపి ఉంటాయి. ఏదేది కలిపారో వెనక వైపు చీమ అక్షరాల్లో ఉంటుంది. బయట బల్ల మీద ఖాళీ సీసాలు ఇరవై దాకా పెట్టించాను, అన్నీ ఈ చుట్టుపక్కల వాడి పారేసినవే. టీ తాగేటప్పుడు ఒక్కొక్కటి తిప్పి చూడండి. రాబందును చంపేవి ఎడమ పక్కకు, ఫరవాలేనివి కుడి పక్కకు పెట్టండి. కళ్లజోడు తెచ్చుకున్నవాళ్లు మిగతా వాళ్లకు చదివి పెట్టండి. నాది ఇంట్లో మర్చిపోయి వచ్చాను.